ఎవరి వేగము వారిది, దారి అందరిది

తెలుగువాడు బండిని తోలును, పడవను నడపును, గుఱ్ఱమును ఎక్కును. సైకిలును మాత్రము తొక్కును. ఏతమును తొక్కినట్లు, ఇటుకమట్టిని తొక్కినట్లు సైకిలును తొక్కును. కచేరీలలో దానిని 'ద్విచక్ర వాహన'మని వ్రాసికొన్నను జనులు సైకిలనియే అనిరి. తొక్కుట అనియే అనిరి. ఆ మాటలో శ్రమ ఉన్నది. పాలవాడు, ఉదయముననే పత్రికలు వేయు కుర్రవాడు, కొబ్బరికాయల బస్తాలను వేసికొని పోవు చిల్లరవర్తకుడు, తపాలా బంట్రోతు, పొరుగూరి బడికి పోవు పంతులు - వీరందరును తొక్కినది బ్రదుకు తెరువు కొరకే. కనుకనే నాలుగు డబ్బులు చేరిన నాడు మనము మొట్టమొదట దిగినది సైకిలు మీదనుండి. దిగి మోటారు సైకిలు ఎక్కితిమి. పిల్లలను బడి బస్సులో ఎక్కించితిమి. శ్రమను దించుకొంటిమని సంతోషించితిమి గాని, ఆ శ్రమతో పాటు మనకు తెలియకుండ లభించుచుండిన ఆరోగ్యమును, ఊరూరి పరిచయమును, తోడివానితో మాటలాడుకొనుచు పోవు సుఖమును గూడ దించివేసితిమని గుర్తింపలేదు.

సైకిలును బ్రదుకు తెరువుగా మాత్రమే గాక ఆదివారపు సహవాసముగా మనము మరల స్వీకరింపవలెననియు, అందులకు గోదావరి డెల్టా కంటె అనువైన నేల అరుదనియు, ఆ పనికి పూనుకొనదగినవారు పాఠశాలల ఉపాధ్యాయులనియు నా అభిప్రాయము. అయితే దీనికొక నియమము కలదు. దానిని పాటింపనిచో ఇట్టి యాత్రలు నాలుగు వారములలో నలుగురు బలశాలుల పందెముగా మారి అంతరించును. నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆ నియమమును గూర్చియే.

వారమున కొకసారి గుంపుగా సైకిలు తొక్కుట పెద్ద నగరములకు క్రొత్త గాదు. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన పైకప్పుగా సౌరఫలకములు పరచిన 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో ప్రారంభమైనది. కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ 2024 డిసెంబరులో 'సండేస్ ఆన్ సైకిల్' అను పేర ఆదివారపు యాత్రలను ఆరంభించినది. తారురోడ్లను విడిచి కంకరదారులను, మట్టిబాటలను వెదకికొని పోవు 'గ్రావెల్' సైక్లింగు అనునది విదేశములలో నేడొక ఉద్యమమే. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున 2006లో 200 మైళ్ల కంకరదారి పందెము మొదలైనది. 2022లో ఇటలీ దేశమున ఈ విద్యకు తొలి ప్రపంచ పోటీలు జరిగినవి. మోటారుల రద్దీకి, తారు వేడిమికి విసిగిన జనులు మరల మట్టిని కోరుకొనుచున్నారు.

వారు వెదకికొనుచున్న దారి మనకు ఇంటిముందే ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట నుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు సాగినవి. ఆ పాత ఆనకట్ట స్థానమున 1982 నాటికి నేటి బ్యారేజి వెలసినది. కాటన్ కాలువలను కేవలము పొలములకు నీరిచ్చుటకే త్రవ్వింపలేదు. పడవలు నడుచుటకును త్రవ్వించెను. లాకులు కట్టించినది పడవలు మెట్టు దిగి మెట్టెక్కినట్లు ఒక నీటిమట్టము నుండి వేరొక మట్టమునకు పోవుటకే. గాలి అనుకూలింపనప్పుడు పడవవారు గట్టుమీద నడుచుచు త్రాళ్లతో పడవలను లాగుకొని పోవుచుండిరి. అనగా కాలువగట్టు పుట్టుకతోనే బాటసారి త్రోవ. పడవలు పోయినవి, త్రోవ మిగిలినది. దానికి తోడు వరదల నుండి ఊళ్లను కాపాడుచున్న ఏటిగట్లు, పొలముల నడుమ బండ్లు నడిచిన పుంతలు, గరుసు పరచిన ఊరిబాటలు గలవు. కొండ ఎక్కవలసిన పని లేదు. ఇరుప్రక్కల కొబ్బరిచెట్ల నీడ, చెంతనే నీటి చల్లదనము. ఇట్టి దారులు నేర్పరులైన యంత్రజ్ఞులు కోట్లు వ్యయము చేసినను నేడు క్రొత్తగా కల్పింపలేరు.

దారి ఉన్నది సరే, అట్టి సైకిళ్లు మనకెక్కడివని కొందరడుగుదురు. కంకరదారులకని ప్రత్యేకముగా చేసిన సైకిళ్ల వెల వేలు దాటి లక్షలకు పోవుచున్న మాట నిజమే. కాని ఆ సైకిలు విశేషమేమి? తారురోడ్డుపై పందెమాడు సైకిలుకు సన్నని టైరుండును; దీనికి వెడల్పైన టైరుండును. ఆ వెడల్పు ఇంచుమించుగా 40 మిల్లీమీటర్లు. మన తాతల నాటి నల్లని పెద్ద సైకిలు టైరు మీద అచ్చువేసిన కొలతను చూడుడు: 28 అంగుళముల ఎత్తు, ఒకటిన్నర అంగుళముల వెడల్పు. ఒకటిన్నర అంగుళమనగా 38 మిల్లీమీటర్లు. విదేశీయులు ఇటీవల కనిపెట్టితిమని మురియుచున్న టైరు మన పాలవాని సైకిలుకు మొదటినుండియు ఉన్నది! ఆ సైకిలు బరువైనది, గేర్లు లేనిది. కాని చదునైన డెల్టాలో గేర్లతో పనియేమి? టైరులో గాలి కొంచెము తగ్గించి, చైనుకు నూనె వేసి, బ్రేకులు సరిచేసిన చాలును. ఈ యాత్ర యంత్రముల ప్రదర్శనము కాగూడదు. సైకిలు వెలనుబట్టి మనిషికి స్థానమిచ్చిన నాడు అది చెడినది.

ఇక అసలు ప్రశ్న వేగము. ఇరువదిమంది కలిసి బయలుదేరినచో అందులో పదునెనిమిదేండ్ల యువకుడుండును, పండ్రెండేండ్ల బాలిక ఉండును, మోకాళ్లనొప్పి గల ప్రధానోపాధ్యాయుడుండును. అందరును ఒకే వేగమున పోవలెనన్నచో ఎవరి వేగమును ఎన్నుకొందుము? బలవంతుని వేగమును ఎన్నుకొన్నచో బాలిక రెండవ ఆదివారము రాదు. బాలిక వేగమును ఎన్నుకొన్నచో యువకుడు మూడవ ఆదివారము రాడు. "కొంచెము త్వరగా రమ్మా" యని వెనుకవారిని తొందరపెట్టుట మనకలవాటు. ఆ 'కొంచెము' ఎంతటిదో భౌతికశాస్త్రము చెప్పును. గాలిని చీల్చుకొని పోవుటకు కావలసిన శక్తి వేగము యొక్క ఘనమును అనుసరించి పెరుగును. గంటకు 12 కిలోమీటర్ల నుండి 15 కిలోమీటర్లకు పెరుగవలెనన్నచో గాలికి చెల్లింపవలసిన శక్తి దాదాపు రెట్టింపగును. బలవంతునికి తోచని ఆ మూడు కిలోమీటర్లే బలహీనుని ఊపిరిని హరించును. వెనుకబడినవాడు సోమరి యని తలచుట అజ్ఞానము.

ఈ చిక్కును పాశ్చాత్యులు వంద సంవత్సరములకు పూర్వమే ఎదుర్కొనిరి. 'టూర్ డి ఫ్రాన్స్' పందెమును స్థాపించిన హెన్రీ దెగ్రాంజ్ 1904లో పందెము గాని దూరయాత్రలకు ఫ్రాన్సులో 'ఆడాక్స్' అను పద్ధతిని నెలకొల్పెను. అందు గుంపునకొక నాయకుడుండును. అందరును అతని వెంట ఒకే నియమిత వేగమున పోవలెను. 1921లో ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అను సంఘము దీనికి మారుగా ఎవరి వేగమున వారు పోవు పద్ధతిని ఆరంభించెను. నేడు మన దేశమున గూడ జరుగుచున్న దూరయాత్రలు ఈ రెండవ పద్ధతివే. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో ముగించినవాడెవడైనను కృతార్థుడే. ముందు వచ్చినవానికి బహుమానము లేదు, కడపట వచ్చినవానికి అవమానము లేదు. మొదటి పద్ధతిలో కలిసి యుండుట గలదు, స్వేచ్ఛ లేదు. రెండవదానిలో స్వేచ్ఛ గలదు, తోడు లేదు. మన పాఠశాలలకు రెండును కావలెను.

కనుక నా సూచన యిది. యాత్రికులను వేగమునుబట్టి మూడు దళములుగా చేయవలెను. ఆ దళములకు 'ఎ, బి, సి' యని గాని, 'ఉత్తమ, మధ్యమ, అధమ' యని గాని పేర్లు పెట్టరాదు. పేరుతోనే సగము మంది మనసు విరుగును. మన సంగీతశాస్త్రము నుండి విలంబము, మధ్యము, ద్రుతము అను పేర్లను తీసికొందము. విలంబమున పాడువాడు తక్కువ విద్వాంసుడని ఏ రసికుడును అనడు. నిజమునకు విలంబమే కష్టమందురు. ఇందుకు సాక్ష్యము మన సంక్రాంతి ఆటలలోనే ఉన్నది. స్లో సైకిలు పందెమున కాలు నేల మోపక అందరికంటె వెనుక గీటును చేరినవాడే విజేత. మెల్లగా పోవుట చేతగానితనము కాదనియు, అదియు ఒక విద్యయే యనియు మన ఊరి పిల్లలకు మునుపే తెలియును.

ఏ దళము ఎవరిదో తేల్చుటకు యంత్రములక్కరలేదు; తెలుగు పద్యము చాలును. తొక్కుచు తొక్కుచు సీసపద్యములో ఒక పాదమును ఊపిరికై ఆగక చదువగలవాడు తన దళమున హాయిగా ఉన్నాడు. ఆటవెలది పాదమునకే ఆగువాడు తన హద్దు చేరినాడు. మాటయే పెగలనివాడు వేరొకరి దళమున చిక్కుకొన్నాడు. అతడు సిగ్గుపడక దిగువ దళమునకు రావలెను. ప్రక్కవానితో మాటలాడలేని వేగము పందెమునకు తగును గాని సహవాసమునకు తగదు.

బయలుదేరుట వేరువేరుగా, చేరుట ఒక్కమారుగా ఉండవలెను. దారి 15 కిలోమీటర్లు అనుకొందము. విలంబ దళము గంటకు 10, మధ్య దళము 12, ద్రుత దళము 15 కిలోమీటర్ల వేగమున పోవునచో వారికి వరుసగా 90, 75, 60 నిమిషములు పట్టును. విలంబము ఆరు గంటలకు, మధ్యము ఆరుంబావుకు, ద్రుతము ఆరున్నరకు కదలినచో ముగ్గురును ఏడున్నరకు ఒకే చోట కలియుదురు. ఏడవ తరగతి పిల్లవాడు ఈ లెక్కను నల్లబల్ల మీద చేసి విసుగుచెందును; కాలువగట్టు మీద చేసినచో జన్మలో మరువడు. అందరికంటె మెల్లగా పోవువారు అందరికంటె ముందు కదలుదురు. వేగవంతులు వారిని వెంబడించి కలిసికొందురు. ఏ ఒక్కరును ఒంటరిగా చేరరు, ఏ ఒక్కరి కొరకును ఇతరులు విసుగుతో కాచుకొనరు.

ప్రతి దళమునకును ముందొకడు, వెనుకొకడు ఉండవలెను. ముందువాడు దారి యెరిగినవాడైన చాలును. వెనుకవాడు మాత్రము దళములోకెల్ల సమర్థుడు కావలెను. పంపు, ట్యూబునకు అతుకు వేయు సామగ్రి, మంచినీరు, గాయమునకు మందు అతని యొద్ద ఉండవలెను. కడపటి బాలుని దాటి అతడు ఎన్నడును పోరాదు. బలవంతుడు ముందుండుట లోకరీతి. వెనుకనుండుట ఈ యాత్ర నీతి.

ఇక ఎక్కడికి పోవలెను? ధవళేశ్వరమున కాటన్ మ్యూజియము చూచి, తూర్పు కాలువ వెంబడి కడియము పూలతోటల వైపు పోవచ్చును. పశ్చిమమున విజ్జేశ్వరము నుండి నిడదవోలు వైపు పోవచ్చును. మధ్య డెల్టావారికి బొబ్బర్లంక నుండి ఆత్రేయపురము వైపుగా లొల్ల లాకుల వరకు పోవు దారి మిక్కిలి అనువైనది. కాలువ అచ్చట కొమ్మలుగా విడిపోవును. ఆత్రేయపురము పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది గదా. అలసినవారికి ఆ మాధుర్యమును తోడగును. లాకు తలుపులు ఎట్లు తెరచుకొనునో, నీరు ఏ కొమ్మకెంత పోవలెనో ఎవరు నిర్ణయింతురో, పుస్తకమున పది పుటలు చదివినను తెలియనిది అచ్చట పది నిమిషములు నిలిచినచో తెలియును. కళాశాలకు వచ్చు విద్యార్థులను నేను అప్పుడప్పుడు అడుగుచుందును: మీ ఊరి కాలువ ఎక్కడ చీలినది, దాని మురుగు ఏ డ్రెయిను గుండ సముద్రమును చేరును అని. నైలునదిని గూర్చి చెప్పగలవారు దీనిని చెప్పలేకున్నారు. ఆ నీటితో పండిన అన్నము తినుచు ఆ నీటి త్రోవ తెలియకుండుట విద్యావంతులకు శోభ గాదు.

బాలికల మాట ప్రత్యేకముగా చెప్పవలసి ఉన్నది. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లనిచ్చు పథకమును ఆరంభించెను. దాని ఫలితమును కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి 2017లో ప్రకటించిరి. తగిన వయసున ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగినదనియు, బాలబాలికల మధ్య వ్యత్యాసము 40 శాతము తగ్గినదనియు తేలినది. తమిళనాడులోని పుదుక్కోట్టయి జిల్లాలో 1990 తరువాతి తొలి సంవత్సరములలో అక్షరాస్యతా ఉద్యమమున భాగముగా వేలకొలది పల్లె స్త్రీలు సైకిలు నేర్చిరి. మన రాష్ట్రమున గూడ 'బడికొస్తా' పథకము క్రింద బాలికలకు సైకిళ్లు పంచిరి. పథకమిచ్చిన సైకిలు బాలికను బడికి చేర్చినది. కాని బడి ముగిసిన పిదప ఆ సైకిలు చూరుక్రింద త్రుప్పు పట్టుచున్నది. ఆడుపిల్ల పనిమీద సైకిలు తొక్కినచో ఎవరును అడ్డుచెప్పరు. సంతోషము కొరకు తొక్కినచో ఊరంతయు ప్రశ్నించును. కందుకూరి వీరేశలింగము పంతులు 1874లో ఇదే ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించెను. ఆ గడ్డమీద నేడు బాలికలు ఆదివారము ఉదయమున నిర్భయముగా గట్టుమీద సైకిలు తొక్కి వచ్చుట ఆ పనికి కొనసాగింపే యగును. అందుకై ప్రతి దళమునను ఒక ఉపాధ్యాయిని ఉండవలెను, తల్లులును రావలెను.

ఆక్షేపణలు లేకపోలేదు. ఆదివారము గూడ ప్రత్యేక తరగతులుండగా తీరికెక్కడిదందురు. తొమ్మిది గంటల లోపల ఇల్లు చేరు యాత్రకు తీరిక లేని చదువు ఎట్టి చదువో ఆలోచింపవలెను. ప్రమాదమందురు. అది నిజమైన ఆక్షేపణ. కాలువగట్టుకు పిట్టగోడ ఉండదు. ఇసుక లారీలు తిరుగు ఏటిగట్లున్నవి. వానలో నల్లరేగడి మట్టి చక్రములకంటుకొని కదలనీయదు. కనుక ఉపాధ్యాయుడు ముందుగా దారిని తాను తొక్కి చూడవలెను. నీటివైపు రెండు గజములు విడిచి ఒకరి వెనుక ఒకరు పోవలెను. తలకు హెల్మెట్టు ఉండవలెను, చేత ఫోను ఉండరాదు. వానకాలమున మట్టిగట్టును విడిచి గరుసుబాటలనే పట్టవలెను. వరద హెచ్చరిక ఉన్న వారము యాత్ర మానవలెను. ఈ జాగ్రత్తలతో గట్టుదారి లారీలు దూసికొనిపోవు రహదారి కంటె క్షేమకరము. ఇక సైకిలు లేనివారున్నారందురు. ఒకనాడు ఊరూర గంట కింతయని అద్దె సైకిళ్లు దొరికెడివి. మా తరమువారు నేర్చినది వాని మీదనే. నేడు ఆ దుకాణములు అరుదైనవి. పాఠశాలయే నాలుగైదు సైకిళ్లను సేకరించి వంతులవారీగా ఇచ్చినచో ఆ లోటు తీరును. ఇంటింట మూలబడియున్నవానిని అడిగినచో ఈయనివారుండరు.

మరియొక లాభమును గూడ గుర్తింపవలెను. మనుష్యులు నడువని గట్టు ఆక్రమణకు లోనగును. మనుష్యులు చూడని కాలువ చెత్తకుప్పయగును. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు అడుగున బయల్పడు ప్లాస్టిక్కు సంచులను చూచినచో మనము ఏడాది పొడవునను ఏమి త్రాగితిమో తెలియును. వారము వారము అదే గట్టుపై ఏబదిమంది పిల్లలు తొక్కుచుండగా అచ్చట చెత్త పోయుటకు చేయి వెనుకాడును. జలవనరుల శాఖకు వ్రాయు వినతిపత్రము గూడ, కన్నులార చూచిన విద్యార్థి వ్రాసినచో బలవత్తరముగా నుండును.

ఉపాధ్యాయులకు నేను చెప్పదగినంతటివాడను గాను. నేనును ఆ వృత్తివాడనే. తరగతిలో మనమందరము ఎరిగిన సత్యమొకటున్నది. ఏబదిమందిలో పదిమంది అందుకొనగల వేగమున పాఠము చెప్పి, సిలబసు ముగిసినదని సంతోషించుచుందుము. వెనుకబల్లవారు ఎచ్చట ఆగిపోయిరో మనకు తెలియదు. అచ్చట 'వెనుక కాపు' ఎవడును లేడు. సైకిలు దారిమీద మాత్రము ఆగిపోయినవాడు కనబడును. అతని కొరకు నిలువక తప్పదు. ఆదివారమున గట్టుమీద నిలుచుట నేర్చిన ఉపాధ్యాయుడు సోమవారమున తరగతిలో నిలుచునని నా ఆశ.

డెల్టా రైతునకు ఈ నీతి క్రొత్త గాదు. కాలువ బాగుగా పారుచున్నదా లేదా యని అతడు హెడ్ లాకు వద్ద చూచి చెప్పడు. శివారు చేనునకు నీరందినదా యని చూచి చెప్పును. దాళ్వాలో నీరు చాలనప్పుడు వంతులు పెట్టుకొనునది శివారు ఎండిపోకుండుటకే. ఎగువవాని చేను నిండుట చూచి కాలువను మెచ్చుకొనువాడు వ్యవసాయ మెరుగనివాడు. యాత్రయైనను, పాఠశాలయైనను, అట్లే కొలువవలెను. ముందువాడు ఎంత త్వరగా చేరినాడని గాక, కడపటివాడు నవ్వుముఖముతో చేరినాడా యని అడుగవలెను. చేరినాడన్నచో వచ్చు ఆదివారమునకు దళము పెరుగును.